సైకిలు విమానమెక్కునప్పుడు



మదనపల్లె, పుంగనూరు, కుప్పము, ఈ మూడు పట్టణములలో దేనికిని విమానాశ్రయము లేదు. అయినను బెంగుళూరు చేరువలో నుండుటచేతను, 2008వ సంవత్సరము మే మాసమున దేవనహళ్లివద్ద కొత్త విమానాశ్రయము తెరువబడుటచేతను, చదువులకును కొలువులకును దేశాంతరములకేగు మన పిల్లలకు ఆకాశమార్గము ఒక పూట బస్సు ప్రయాణమంత దగ్గరకు వచ్చినది. వారిలో కొందరు సూటుకేసులతోడను ఊరగాయ సీసాలతోడను తృప్తిపడక, ఇటీవల సైకిలును గూడ వెంటగొనిపోవుచున్నారు. ఇది విని పెద్దలు నవ్వుదురు. పోయినచోట సైకిళ్లు దొరకవా యని అడుగుదురు. దొరకును. కాని హార్స్లీ కొండ మలుపులను ఏ సైకిలుమీద ఎక్కి ఊపిరిని అదుపున నుంచుకొనుట నేర్చెనో, ఏ సైకిలు సీటు తన కాలి పొడవునకు వేలెడైనను తేడా లేకుండ కుదిరెనో, ఆ సైకిలును విడిచి మరియొకదానిపై వందల కిలోమీటర్లు తొక్కుమన్న, ఆ యభ్యాసము గలవాడెవడును సమ్మతింపడు. 1891లో ఆరంభమై నేటికిని ఫ్రాన్సు దేశమున నాలుగేండ్లకొకమారు జరుగుచున్న ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ యాత్రలో 1200 కిలోమీటర్ల దారిని 90 గంటలలో ముగింపవలెను. హైదరాబాదునుండి పోయి ఆ దారి తొక్కిన తెలుగువారును గలరు. అట్టివారికి అలవాటైన సైకిలే కావలెననుట విలాసము కాదు.

కావున సైకిలును విడదీసి, పెట్టెలో సర్ది, చెక్కుచెదరకుండ సముద్రములు దాటించు విధమును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచినాను. రేడియోలో వస్తువును చూపుటకు వీలులేదు గనుక, ఇంట సైకిలున్నవారు దానిని ఎదుట నిలుపుకొని వినినచో నా పని సగము తేలికయగును.

అసలు విషయమునకు పోవుటకు ముందు విమానమునకును సైకిలునకును గల చుట్టరికమును కొంత తడవవలసియున్నది. విమానమును కనిపెట్టిన విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు అమెరికాలోని డేటన్ నగరమున 1892లో సైకిళ్ల దుకాణము తెరచినవారు. మరమ్మతులతో మొదలిడి, క్రమముగా తామే సైకిళ్లను తయారుచేసి అమ్మినవారు. 1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాక్ సమీపమునందలి ఇసుక నేలపై ఎగిరిన వారి యంత్రమున, ఇంజను బలమును రెండు పంకాలకును చేరవేసినవి చైనులును పండ్ల చక్రములునే. మన దేశమునకు వచ్చినచో, 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదునుండి యమునానది దాటి నైనీకి ఉత్తరముల సంచులతో ఎగిరిన విమానము హంబర్ కంపెనీవారిది. ఆ కంపెనీ పేరు లోకమునకు మొదట తెలిసినది సైకిళ్లవలననే. ఆ విమానమును భాగములుగా విడదీసి ఓడపై తెచ్చి, ఇచ్చట కూర్చి ఎగురవేసిరి. అనగా, సైకిలు పెట్టెలో ఒదిగి విమానమెక్కుటకు ముందే, విమానము పెట్టెలో ఒదిగి ఓడనెక్కినదన్నమాట.

ఈ సందర్భమున రైటు సోదరుల కథలోని ఒక ఘట్టము మనకు మిక్కిలి ఉపయోగపడును. ఫ్రాన్సు దేశమున తమ విమానమును ప్రదర్శింపదలచి వారు 1907లో ఒక యంత్రమును పెట్టెలలో సర్ది లె హావ్ర్ రేవునకు పంపిరి. కార్యము ఆలస్యమై, ఆ పెట్టెలు నెలల తరబడి అచ్చటనే పడియుండెను. 1908 జూను మాసమున విల్బరు వానిని లె మాన్ పట్టణమునకు తెప్పించుకొని ఒక మోటారు కార్ఖానాలో తెరచి చూచునప్పటికి, రెక్కల బద్దలు విరిగియుండెను, బట్ట చినిగియుండెను, రేడియేటర్లు నలిగియుండెను, ఒకదానితో నొకటి కలియకూడని వస్తువులు ఒకే గుట్టగా పడియుండెను. సర్దినవాడు తమ్ముడు ఆర్విలు. సహనమునకు పేరుపడిన విల్బరు ఆ గుట్టను చూచి కోపమాపుకొనలేక, సర్దుట ఎట్లో నీకు తెలియదా యను ధోరణిలో ఘాటైన లేఖ నొకదానిని అమెరికాకు వ్రాసెను. తరువాత తెలిసినదేమనగా, తమ్ముని దోషము లేశమైనను లేదు. రేవులోని కస్టమ్స్ ఉద్యోగులు తనిఖీకై పెట్టెలు విప్పి, చూడవలసినది చూచి, ఏది ఎచ్చట నుండెనో ఎరుగకయే మరల కుక్కి మూతలు బిగించిరి. ఆ నష్టమును సరిచేయుటకు విల్బరు వారముల తరబడి కష్టపడి, ఆగస్టు 8వ తేదీన గాని ఎగురలేకపోయెను.

ఆర్విలు చక్కగా సర్దెను. కాని తాను మాత్రమే మరల సర్దగలిగినట్లు సర్దెను. నా యభిప్రాయమున, సైకిలు పెట్టె విషయమున జరుగు నష్టములలో పెక్కింటికి మూలమిదియే. మనము బెత్తెడు వెడల్పు టేపు చుట్టి, గర్వముగా తట్టి అప్పగించిన పెట్టెను, మనకు ముఖపరిచయమైనను లేని మనుష్యులు ఎత్తుదురు, దొర్లింతురు, అనుమానము కలిగిన విప్పుదురు, విమానమునకు వేళమించుచుండగా తొందరలో మూయుదురు. మనము సర్దవలసినది వారి చేతులకొరకు.

ఇక భయముల సంగతి. సైకిలును విమానమున పంపువారందరును మొదట అడుగు ప్రశ్న చక్రములలోని గాలిని గూర్చినది. పైకి పోయిన కొలది బయటి గాలి పలుచబడును గనుక, ట్యూబు ఉబ్బి ప్రేలునని చెప్పుదురు. వాస్తవమేమనగా, సామాను ఉంచు క్రింది అర కూడ ప్రయాణికులు కూర్చుండు గదివలెనే ఒత్తిడి నిలిపియుంచబడునది. అచ్చటి ఒత్తిడి సాధారణముగా 8000 అడుగుల ఎత్తునకు మించిన చోటి ఒత్తిడికి దిగజారనీయరు. మన హార్స్లీ కొండ ఎత్తు సుమారు 4100 అడుగులు. ఇంచుమించు దానికి రెండింతలని అనుకొనుడు. అంగుళపు చదరమునకు 14.7 పౌండ్లుగా నుండు సముద్రమట్టపు గాలి ఒత్తిడి అచ్చట సుమారు 11 పౌండ్లకు తగ్గును. అనగా ట్యూబుపై పడు అదనపు భారము నాలుగు పౌండ్లకు లోపు. మదనపల్లెలో గాలి కొట్టించుకొని హార్స్లీ కొండ ఎక్కిన సైకిలు టైరు ఏనాడును ప్రేలలేదు. బొత్తిగా గాలియే లేని శూన్యమున నుంచినను, పెరుగునది 14.7 పౌండ్లు మాత్రమే. 80 పౌండ్లు నిలుపుకొను టైరునకు అది పెద్ద బాధ కాదు. అయినను పెక్కు విమానసంస్థలు గాలి తీయుమనియే నియమము పెట్టినవి. వారితో భౌతికశాస్త్రమును వాదించుటవలన విమానము తప్పిపోవుట తప్ప ప్రయోజనము లేదు. కొంత తీసి కొంత ఉంచుడు. పూర్తిగా తీసిన, పెట్టె క్రింద పడినప్పుడు దెబ్బ తిన్నగా రిమ్మునకు తగులును.

నిజమైన గండము నేలమీదనే యున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని బీ.ఎస్.ఏ. కంపెనీవారు పారాచూటు సైనికులకొరకు నడుమకు మడచు సైకిలును తయారుచేసిరి. దానిని పారాచూటుకు తలక్రిందులుగా వ్రేలాడదీసెడివారు. నేలను తాకునప్పుడు హ్యాండిలును సీటును ముందు తగిలి, చక్రములు దెబ్బతినకుండుటకు ఆ యుపాయము. ఎగురుటను గూర్చిగాక, పడుటను గూర్చి ఆలోచించినవారి తెలివి యది.

మన పెట్టె పడు మొదటి చోటు విమానాశ్రయము గూడ కాదు. మదనపల్లెనుండి చింతామణి మీదుగ పోవు దారిలో టమోటా లారీల వెనుక బస్సు వేయు ప్రతి బ్రేకును, పుంగనూరునుండి ములుబాగిలు, కోలారు మీదుగ పోవు దారిలోని ప్రతి గతుకును పెట్టె లెక్కపెట్టుకొనును. బస్సు డిక్కీలో పెట్టెను పరుండబెట్టి దానిపై బియ్యపు మూటలు వేసినచో, దేవనహళ్లి చేరకముందే చక్రము వంగవచ్చును. కుప్పమువారికి రైలు కలదు, అది మేలు. అయితే సైకిలునకు రైలులో ఉచిత సామాను పరిమితి వర్తింపదు. ముందుగా వెళ్లి స్టేషనులో లగేజిగా బుక్ చేయించి రసీదు తీసికొనవలెను. బండి నిలుచునది కొలది నిమిషములు మాత్రమే గనుక, పెట్టెను బ్రేకువ్యాను ఆగు తావున ముందే నిలుపుకొనుట మంచిది.

ఆ కుప్పము ప్రాంతముననే గ్రానైటు పలకలను లారీలకెత్తువారిని చూచినవారికి ఒక రహస్యము తెలిసియుండును. అంత గట్టి రాతి పలకను సయితము వారు ఎన్నడును పరుండబెట్టరు. వాలుచట్రమునకు ఆనించి అంచుపై నిలువుగా నిలిపి కట్టుదురు. పరుండిన పలక నడుమ ఊతము లేక గతుకున పగులును. నిలిచిన పలక తన బలముననే తాను నిలుచును. సైకిలు పెట్టెయు అట్టిదే. నిలువుగా నున్నంతవరకు చక్రములును చట్రమును తమ బలము చూపును. పరుండబెట్టి పైన బరువు వేసినచో, ఆ బలము వాటికి లేదు. కాబట్టి పెట్టె రెండు వైపుల, నాలుగు మూలల, ఏ దిక్కు పైకి ఉండవలెనో తెలుపు బాణపు గుర్తును పెద్దదిగా గీయవలెను. బాణమునకు ఏ భాషయు అక్కరలేదు.

పెట్టె యెచ్చట దొరకును? సైకిళ్ల దుకాణములో. గేర్ల సైకిళ్లు కంపెనీలనుండి ఒక్కొక్కటి ఒక్కొక్క అట్టపెట్టెలో, ముందు చక్రము, పెడళ్లు, హ్యాండిలు విప్పి సర్దబడి వచ్చును. దుకాణమువారు వానిని బిగించి, పెట్టెను పాత అట్టలవానికి వేయుదురు. ముందుగా చెప్పియుంచినచో పెట్టెతోపాటు అందులోని నురుగు తొడుగులను, ప్లాస్టిక్ బిళ్లలను, కడ్డీలను గూడ సంతోషముగా ఇత్తురు. వానిని చెత్తయని తోసిపుచ్చరాదు. కార్ఖానాలో ఆ సైకిలును ఎరిగినవారు ఎచ్చట దెబ్బ తగులునో కనిపెట్టి చేసిన రక్షణలవి. దుకాణపు మేస్త్రీ దినమును చేయు పని పెట్టెనుండి సైకిలును లేపుట. మనకు కావలసినది ఆ పనినే వెనుకనుండి ముందునకు చేయుట. అతడు విప్పుచుండగా ప్రక్కన కూర్చుండి చూచుట, ఎన్ని పుస్తకములు చదివినను రాని విద్య.

ఇక విడదీయుట. పెడళ్లతో మొదలిడుదము, చిక్కంతయు అచ్చటనే గనుక. కుడి పెడలుకు మామూలు మర. ఎడమ పెడలుకు అపసవ్యపు మర. తొక్కుచుండగా ఎడమది తానై విప్పుకొనకుండుటకు ఆ యేర్పాటు. రైటు సోదరులు తమ సైకిళ్లలో దీనిని వాడిరి. ఇది తెలియక ఎడమ పెడలును బలముకొలది బిగించి, విప్పుచున్నామనుకొని మర చెడగొట్టువారెందరో. ఒక సులభమైన గుర్తు: పానా పిడిని పైకి నిలిపి, సైకిలు వెనుక చక్రము వైపునకు నెట్టిన, రెండు పెడళ్లును వదులగును. తరువాత సీటు గొట్టముపై, అది చట్రములో దిగిన చోట, రంగు టేపు నొకదానిని చుట్టి గుర్తుంచి బయటికి తీయవలెను. దిగిన ఊరిలో సీటు ఎత్తునకై తడుముకొనవలసిన పని తప్పును. హ్యాండిలును పట్టియుంచు నాలుగు బోల్టులను విప్పి, తీగలు తెగకుండ, మడతపడకుండ దానిని పై గొట్టము వెంబడి ఆనించి కట్టవలెను. విప్పిన బోల్టులను వెంటనే వాని రంధ్రములలోనే మరల తగిలించియుంచుట మంచి యలవాటు. వెనుక గేరు యంత్రము పెట్టె ప్రక్కకు పొడుచుకొని వచ్చునది. అది వ్రేలాడు చిన్న లోహపు కొక్కెమును, మొదట అది వంగి చట్రమును కాపాడవలెననియే, మెత్తగా చేయుదురు. కావున గేరును విప్పి, గుడ్డ చుట్టి, వెనుక త్రికోణపు లోపలికి ముడిచి కట్టవలెను. ఆ కొక్కెము అదనపుది ఒకటి వెంటనుంచుకొనుట వివేకము. పరదేశమున మన సైకిలునకు సరిపోవు కొక్కెము దొరకుట దుర్లభము.

ఇప్పుడు అందరును మరచు సంగతికి వచ్చుచున్నాను. చక్రము తీసిన తరువాత ముందు ఫోర్కు యొక్క రెండు కొనల నడుమ ఖాళీ యేర్పడును. చాలా సైకిళ్లలో అది 100 మిల్లీమీటర్లు; వెనుక చట్రమున 130 లేక 135. చక్రపు ఇరుసు ఉన్నంతకాలము ఆ రెండు కాళ్లకు దన్ను. అది పోయినప్పుడు అవి ఒంటరివి. ప్రక్కనుండి ఒక్క దెబ్బ తగిలిన, ఇనుపదైనచో వంగును; అల్యూమినియమైనచో బీటవారును; కార్బను నారతో చేసినదైనచో లోపల చీలి, పైకి కనబడకుండ, మరియొకనాడు వాలుదారిలో తన గుట్టు బయటపెట్టును. దీనికి నివారణ పైసా ఖర్చు లేనిది: కంపెనీ పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కడ్డీని, లేనియెడల అదే కొలతకు కోసిన కర్రముక్కను, లేదా పాత ఇరుసును ఆ కొనల నడుమ బిగించుట. డిస్కు బ్రేకులున్నచో వాని బిళ్లల నడుమను దళసరి అట్టముక్క నొకదానిని దూర్చవలెను. పెట్టెలో ఎవరి చేయి తగిలి బ్రేకు పిడి నొక్కుకొనినను బిళ్లలు దగ్గరకు కరచుకొనిపోకుండును. పెట్టె లోపలి డొల్లలన్నిటిని ఇట్లే వెదకి నింపవలెను. చట్రపు గొట్టములకు, ఏసీ గొట్టములకు తొడుగు నల్లని నురుగు గొట్టములను నిలువున చీల్చి తొడుగవచ్చును. అవి హార్డువేరు దుకాణములలో దొరకును. అవి లేకున్న పాత ట్యూబులు, పాత పంచెలు చాలును. ఇరుసు కొనలకు ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి, చక్రమునకును చట్రమునకును నడుమ అట్ట నిలిపి, అన్నిటిని కలిపి ఒక్క కట్టగా బిగింపవలెను. పెట్టెను ఊపి చూచిన లోపల ఏ చప్పుడును రాకూడదు.

తాతలనాటి బరువు సైకిలు సంగతి వేరు. దాని క్రాంకులు కాటరు పిన్నులతో బిగింపబడియుండును. చైను పెట్టెయు, మడుగార్డుల కడ్డీలును, క్యారియరును, స్టాండును విప్పి మరల కూర్చుట ఒక సంసారము. ఆ సైకిలు 20 కిలోలకు పైగా తూగును. దానిపై మమకారమున్నవారిని నేను నొప్పింపను గాని, ఇంటివద్దనే నూనె వేసి నీడన నిలిపిపొండని మాత్రము చెప్పుదును.

బరువు మాట వచ్చినది గనుక లెక్కలు చూతము. దేశములోపల సామాన్య తరగతి ప్రయాణికునకు చాలా విమానసంస్థలు 15 కిలోల సామానును, విదేశ ప్రయాణములకు పెక్కు చోట్ల ఒక్కొక్క పెట్టెకు 23 కిలోలను అనుమతించును. ఒక్క పెట్టె 32 కిలోలకు మించిన, ఎత్తువారి నడుములను తలచి, ఏ సంస్థయు సాధారణముగా స్వీకరింపదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మామూలు పెట్టెకు పరిమితి. మన సైకిలు పెట్టె 140 సెంటీమీటర్ల పొడవు, 80 ఎత్తు, 20 వెడల్పు అనుకొన్న, మొత్తము 240. కనుక అది ఎల్లప్పుడును పెద్ద సామానే. కొన్ని సంస్థలు దానిని క్రీడాపరికరముగా గుర్తించి ఒక రుసుముతో తీసికొనును. కొన్ని ముందుగా చెప్పనిదే తీసికొనవు. టిక్కెట్టు కొనుటకు ముందే అడుగుడు. ప్రయాణికుడు లేకుండ సరకుగా పంపునప్పుడు మరియొక చిత్రము కలదు: పరిమాణమును 6000 చేత భాగించి బరువు కట్టుదురు. పైన చెప్పిన పెట్టెకు 2,24,000 ఘన సెంటీమీటర్లు. భాగింపగా 37 కిలోలు. పది కిలోల సైకిలునకు ముప్పదియేడు కిలోల కూలి! గట్టి ప్లాస్టిక్ పెట్టెలు 10, 12 కిలోలు తామే తూగును. రక్షణకై కొన్న పెట్టె అనుమతించిన బరువులో సగమును మ్రింగుట నాకు రుచింపదు. కార్బను సైకిలు గలవారు తప్ప మిగిలినవారికి దళసరి అట్టపెట్టెయే యుచితమని నా మతము.

ఇంగ్లండులో 1878లో స్థాపింపబడిన సైకిలు యాత్రికుల సంఘము ఒకటి కలదు. ఆ సంఘమువారు ఇంకను సాహసించి, సైకిలును పెట్టెలో దాచనేకూడదు, దళసరి పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలో ఉంచవలెనని బోధించిరి. ఎత్తువానికి లోపలిది సైకిలని కనబడినచో సైకిలును పట్టుకొన్నట్లే పట్టుకొనును, దానిపై మరియొకటి పేర్చడు. కనబడని పెట్టెను పెట్టెగానే విసరునని వారి వాదము. మనుష్యుని చూపుపై ఇంత నమ్మకము పెట్టుటకు నాకు ధైర్యము చాలదు గాని, సామానెత్తువాడు శత్రువు కాడు, వానికి సమాచారము చాలక పొరపాటు జరుగునని గుర్తించిన మొదటివారు వీరే యని తోచును. అట్టపెట్టె వాడువారును ఈ తర్కమును కొంత అనుసరింపవచ్చును: పెట్టెపై పెద్దదిగా సైకిలు బొమ్మ వేయుడు.

కొన్ని వస్తువులు పెట్టెలో ఉండనే కూడదు. కరెంటు సైకిలు బ్యాటరీ వాటిలో ముఖ్యమైనది. 36 వోల్టులు, 10 ఆంపియర్ గంటలు గల బ్యాటరీ 360 వాట్ గంటలది. ప్రయాణికుల విమానమున 160కి మించినది నిషిద్ధము. కాబట్టి కరెంటు సైకిలును బ్యాటరీతో విమానమెక్కించుట కుదరదు. దీపములకు వాడు చిన్న లిథియం బ్యాటరీలలో విడిగా నున్నవానిని చేతిసంచిలో ఉంచుకొనవలెను. గాలి నింపు కార్బన్ డయాక్సైడు గుళికలను, నిప్పంటుకొను చైను స్ప్రేలను ఇంటనే విడువుడు, చేతిపంపు చాలును. పానాలును స్క్రూడ్రైవర్లును పెట్టెలోనే పోవలెను. చేతిసంచిలో దొరకిన తనిఖీ బల్లవద్దనే వాని ప్రయాణము ముగియును.

ఆస్ట్రేలియా, న్యూజిలాండు పోవువారు మరియొక జాగ్రత్త వహింపవలెను. ఆ దేశములు పరదేశపు మట్టిని, విత్తనములను లోనికి రానీయవు. బయట తొక్కిన సైకిలును తెచ్చినచో ఫారములో తెలుపవలెను, అధికారులు టైర్లను పరీక్షింతురు. మదనపల్లె ఎర్రమట్టి టైరు గాళ్లలో మిగులకుండ బ్రష్షుతో కడిగి, ఆరిన తరువాతనే సర్దవలెను. విలువగల సైకిలును తీసికొనిపోయి మరల తెచ్చుకొనదలచినవారు బయలుదేరునాడే మన విమానాశ్రయపు కస్టమ్స్ అధికారులవద్ద, చట్రపు సంఖ్య చూపించి, ఎగుమతి ధ్రువపత్రము పుచ్చుకొనినచో, తిరిగివచ్చునప్పుడు అది కొత్తగా కొన్నదేమోయను వివాదము రాదు.

విల్బరు రైటునకు కోపము తెప్పించిన సంగతి ఇచ్చట మరల తలపునకు రావలెను. పెద్ద పెట్టెలు ఎక్స్‌రే యంత్రమున పట్టకపోవచ్చును. పట్టినను అనుమానము రావచ్చును. అప్పుడు పెట్టె తెరువబడును. కనుక టేపును పది చుట్లు చుట్టి కోటకట్టుట అవివేకము. కోటను కోయువాడు దానితోపాటు లోపలి తీగను గూడ కోయును. మూతకు మాత్రము తేలికగా తీయదగిన టేపు వేసి, పెట్టె చుట్టు బకిల్ గల పట్టీలు రెండు బిగించి, అదనపు టేపు చుట్టను మూతకు లోపలివైపున అతికించియుంచుడు. విప్పినవానికి మరల మూయుటకు సాధనము దొరకవలెను గదా. సర్దిన తీరును పై నుండి ఫోటో తీసి, పెద్ద కాగితముపై అచ్చువేయించి, అదే మూత లోపల అంటింపుడు. లోపలి వస్తువులు ఎన్ని ముక్కలుగా నున్న అన్ని తప్పులకు తావు. మూడే ముక్కలు, అనగా చక్రములతో కట్టబడిన చట్రము, చట్రమునకు కట్టబడిన చిన్న సామానుల సంచి, నేలపై పరచిన అట్ట, ఇంతకు మించకుండుట మంచిది. చిన్న సంచిని విడిగా ఎన్నడును వేయరాదు. పెట్టె ప్రక్కనుండు పిడి రంధ్రములనుండి బోల్టు ఒక్కటి జారిపోయినను, సైకిలు సంపూర్ణముగా చేరియు చేరనిదే యగును.

చేరిన తరువాత విమానాశ్రయమును విడువకముందే పెట్టెను తెరచి చూడవలెను. దెబ్బ కనబడినచో అచ్చటనే సంస్థవారి బల్లవద్ద వ్రాతపూర్వకముగా నమోదు చేయించుడు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికను అనుసరించి, సామాను దెబ్బతిన్నచో అందిన ఏడు దినములలోపల వ్రాతపూర్వకముగా తెలుపవలెను. గడువు దాటిన, హక్కు పోవును. నష్టపరిహారపు పరిమితి 2024 డిసెంబరు 28వ తేదీనుండి ప్రయాణికునకు 1519 స్పెషల్ డ్రాయింగ్ రైట్సు (అంతర్జాతీయ ద్రవ్యనిధివారి లెక్కప్రమాణము). ఖరీదైన సైకిళ్ల వెల అంతకు మించును గనుక, అట్టివారు ముందుగా బీమా చేయించుకొనుట మేలు. అప్పగించునప్పుడు సంస్థవారు పెళుసు వస్తువని ఒక చీటీపై సంతకము చేయించుకొందురు. చేయుటకు ముందు ఆ చీటీని చదువుడు, అప్పగించిన పెట్టెకు ఫోటో తీయుడు.

కూర్చుట విప్పినదానికి విలోమము. ముందు ఫోర్కు కొనల కర్రముక్కను తీసి చక్రమును బిగించి, చక్రము నడుమ నిలిచి తిరుగుచున్నదో లేదో చూచి, హ్యాండిలు బోల్టులను ఒకదాని వెంట నొకటి కొంచెము కొంచెముగా బిగించి, ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందునకు వెనుకకు కదలించిన, హ్యాండిలు మెడవద్ద చప్పుడు రాకుండవలెను. గాలి నింపి, నిర్జనమైన చోట నాలుగడుగులు తొక్కి, రెండు బ్రేకులను పరీక్షించి, తరువాతనే దారిన పడవలెను. ఖాళీ పెట్టెను పారవేయకుడు; బసచేసిన ఇంటివారు గాని సత్రమువారు గాని తిరుగు ప్రయాణమువరకు దాచియుంచుట కలదు. వేరొక ఊరినుండి తిరిగివచ్చువారు అచ్చటి సైకిలు దుకాణమున నొక రెండు దినముల ముందు చెప్పియుంచిన, వారును మన దుకాణమువారివలెనే అట్టపెట్టె నొకదానిని తీసియుంచి ఇత్తురు.